ఆపరేషన్ దవడ పన్ను

"నోరు ఇంకాస్త తెరవవయ్యా, డాక్టరుగారికి కనపడాలి" అన్నారు చీఫ్ వెంకటనారాయణ, తన నోట్లోని వక్కపొడిని ఒక దవడ నుంచి ఇంకో దవడకి మార్చుకుంటూ.

యలమంద తెరిచాడు. బోర్డు లేని ఆ డిపార్టుమెంటులో చేరాక అతను ఎక్కడెక్కడో బ్రీఫింగులు విన్నాడు. కదులుతున్న గూడ్సు పెట్టెలో విన్నాడు, పెళ్ళి భోజనాల బంతిలో సాంబారు పోయించుకుంటూ విన్నాడు. పళ్ళ డాక్టరు కుర్చీలో వెల్లకిలా పడుకుని, దవడల మధ్య రబ్బరు ముక్కతో వినడం మాత్రం ఇదే మొదలు. ఎదురు ప్రశ్న వెయ్యని ఏజెంటంటే చీఫ్‌కి ప్రాణం. ఈ ఏర్పాటు ఆయనకు తెగ నచ్చినట్టుంది.

2006 ఏప్రిల్. గుంటూరు బ్రాడీపేటలో మూతపడ్డ ఒక క్లినిక్ వెనక గది. కుర్చీ పక్కన తెల్లకోటులో నిలబడి యలమంద కింది దవడలో ఎడమవైపు ఏదో నింపుతున్న ఆవిడ పేరు ఆరాధన. పళ్ళ డాక్టరు, ఆ పైన మెటీరియల్ సైంటిస్టు. బాపట్లలో మిషన్ స్కూలు మాస్టారి కూతురు.

"పోయిన వారం ఈవిడ ల్యాబు తగలబెట్టారు" అన్నారు చీఫ్. "చేసింది ఆర్కిడ్ అనే విదేశీ ముఠా. వాళ్ళ ఏజెంటు రైనర్ మన జిల్లాలోనే ఉన్నాడు. తగలబెట్టే ముందు ఫార్ములా మొత్తం ఎత్తుకుపోయారు."

'అయితే ఇంకేం మిగిలింది?' అని యలమంద అడిగాడు. బయటికి 'ఆఁ' అని మాత్రమే వచ్చింది.

ఆరాధన అర్థం చేసుకుంది. "మామూలు ఫిల్లింగులో గాజు రేణువులుంటాయండి. నమిలీ నమిలీ బీట వారుతుంది. నేను చేసింది రేణువు కాదు, పోగు. పన్ను ఏ పదార్థమో ఆ స్ఫటికంతోనే తీసిన నానో ఫైబర్, వెంట్రుకలో వెయ్యో వంతు సన్నం. మట్టిగోడ పెట్టేటప్పుడు ఎండుగడ్డి కలిపి తొక్కుతారు చూడండి, అలా పట్టి ఉంచుతుంది. ఫార్ములా చూసి చేస్తే వాళ్ళకి వట్టి పొడి వస్తుంది. పోగు సాగాలంటే పాత పోగు చిటికెడు తోడు వెయ్యాలి, పాలకి మజ్జిగ వేసినట్టు. ఆ తోడు లోకం మొత్తంలో చిటికెడే మిగిలింది. విడిగా ఉంచితే మన ఉక్కకి ముద్దకట్టి పాడవుతుంది. పన్నులో గట్టిపడితే భద్రం."

నీలం లైటు వెలిగించి ఆ పన్ను మీద పట్టింది. కాసేపటికి ఆర్పింది.

"అయిపోయింది. ఆ చిటికెడూ ఇప్పుడు మీ దవడలో ఉంది."

"నీ పనల్లా దాన్ని రోడ్డు మీద మద్రాసు, అక్కణ్ణుంచి బెంగళూరు ల్యాబుకి చేర్చడం" అన్నారు చీఫ్. "నువ్వు దుబాయ్ నుంచి వచ్చిన మిర్చి బయ్యరువి. యార్డులో మన మనిషి కారుతో వస్తుంది. కోడ్ నేమ్ లిల్లీ. డాక్టరుగారు ఇక్కడే సేఫ్ హౌసులో ఉంటారు."

రబ్బరు ముక్క తీశాక యలమంద మూతి తుడుచుకున్నాడు. ఆరాధన గొంతు తగ్గించి అంది. "మీది కనిగిరి పక్క ఊరు కదూ? ముందు పళ్ళకి తొడుగులున్నాయి. అంచున గోధుమరంగు చార కనపడింది."

యలమంద మొహం ఎర్రబడింది. ఆ తొడుగులు డిపార్టుమెంటు పెట్టించింది. కనిగిరి నీళ్ళు తాగి పెరిగిన పళ్ళతో దుబాయ్ షావుకారు వేషం వెయ్యడం కుదరదు మరి. అతని ఊళ్ళో బావి నీళ్ళ నిండా ఫ్లోరైడే. పిల్లల పళ్ళు వచ్చీ రాగానే మచ్చలు పడి, పెచ్చులు ఊడతాయి. ఆడపిల్లలకి నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఒకరు నేర్పక్కర్లేదు. అతని చెల్లెలు పెళ్ళి ఫోటోలో కూడా నోరు మూసుకునే ఉంటుంది.

"నేనిది మొదలుపెట్టింది ఆ పిల్లల కోసమేనండి" అంది ఆరాధన. "పెళుసు పన్నుకి మామూలు సిమెంటు నిలవదు. ఇది నిలుస్తుంది. ఆర్కిడ్ చేతికి దక్కితే పేటెంటు తీసుకుని, డబ్బున్న దేశాల్లో అమ్ముకుంటారు. మనవాళ్ళకి అందదు."

యలమంద నాలుకతో ఆ పన్నుని తడిమి చూసుకున్నాడు. అంతవరకు అది అతనికి డ్యూటీ. ఇప్పుడు సొంత ఊరి పని అయింది.

*

మిర్చి యార్డు ఎండలో భగభగలాడుతోంది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గుట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. తెల్ల సఫారీలో, బంగారు రంగు గడియారంతో యలమంద ఆ షెడ్లలో తిరుగుతున్నాడు. తుమ్ములు ఆపుకోవడమే పెద్ద సాహసంగా ఉంది. గడియారంలో కెమెరా, జేబులోని పెన్నులో మత్తుసూది, బెల్టు బకిల్లో ట్రాన్స్‌మిటర్ ఉన్నాయి. తుమ్ముకి మాత్రం డిపార్టుమెంటు ఏమీ ఇవ్వలేదు.

నల్లద్దాల కారు వచ్చి ఆగింది. అద్దం దిగింది. మిర్చి రంగు పట్టుచీర, నల్ల కళ్ళజోడు, ఆ ఎండలోనూ చెదరని జుట్టు. యార్డులో హమాలీలు కాటా సంగతి మరిచిపోయి చూశారు.

"పెదకాకానికి దారి ఇటేనా అండీ?" అన్నాడు యలమంద.

"మొక్కుంటే ఎటైనా దారే" అందావిడ.

కోడ్ సరిపోయింది. ఎక్కాడు.

లిల్లీ అసలు పేరు శ్రీరమ్య. పళ్ళ డాక్టరు. పార్టీల్లో పెద్దవాళ్ళ పరిచయాలు సంపాదించి డిపార్టుమెంటుకి కబుర్లు మోస్తుందని పేరు. చిలకలూరిపేట రోడ్డెక్కాక తనే మాటలు కలిపింది. తన నాన్న మిర్చి వ్యాపారి అనీ, చిన్నప్పుడు బస్తాల మీదే నిద్రపోయేదాన్ననీ చెప్పింది. ఏసీ చల్లగా ఉంది, ఆవిడ నవ్వు ఇంకా చల్లగా ఉంది.

"నోరెండిపోయి ఉంటుంది, నిమ్మసోడా తాగండి" అని సీసా అందించింది.

బయట సోడా తాగొద్దని ట్రైనింగులో చెప్పారు. గుంటూరు ఎండలో ఆ ట్రైనింగు ఇచ్చినవాడు ఎవడో గాని, ఏప్రిల్‌లో వచ్చి ఉండడు. యలమంద తాగాడు. రోడ్డు పక్క తాటిచెట్లు రెండేసిగా కనిపించాయి, తర్వాత ఏమీ కనిపించలేదు.

*

చలి. మెలకువ రాగానే తెలిసింది అదొక్కటే.

కళ్ళు తెరిచాడు. తల పైన గుండ్రటి లైటు. చేతులు, కాళ్ళు, నడుము తోలు పట్టీలతో పళ్ళ డాక్టరు కుర్చీకి బిగించి ఉన్నాయి. చుట్టూ కప్పు దాకా టిక్కీలు. ఊపిరి తెల్లటి పొగగా పోతోంది. కోల్డ్ స్టోరేజీ! బయట మనుషులు ఎండకి మాడిపోతుంటే ఇక్కడ దవడలు టకటక కొట్టుకుంటున్నాయి. గడియారం లేదు, పెన్ను లేదు. బెల్టు ఉంది గాని, చలి దిగకుండా కట్టిన అంత మందం గోడలు దాటి ట్రాన్స్‌మిటర్ గుసగుస ఎవరికి వినపడుతుంది?

పక్కకి చూసి నీరుగారిపోయాడు. ఆరాధన అక్కడే ఉంది. ఆమె మెడ దగ్గర పిస్తోలు పట్టుకుని ఒక పొడవాటి తెల్లదొర నిలబడ్డాడు. రైనర్.

"క్షమించండి" అంది ఆరాధన. "లిల్లీ వచ్చి మీ మనిషినంటూ కోడ్ చెప్పింది. తలుపు తీశాను."

"మేలుకున్నారా యలమంద గారూ!" అంటూ శ్రీరమ్య ముందుకి వచ్చింది. పట్టుచీర స్థానంలో ప్యాంటూ తెల్లకోటూ. కళ్ళజోడు లేదు. కళ్ళు నీలంగా మెరుస్తున్నాయి. "లెన్సులు. ఈ పూటకి నేను ఎలెనాని. కొత్తపట్నం తీరంలో పడవ సిద్ధంగా ఉంది, పాస్‌పోర్టులో కళ్ళు నీలం. బావున్నాయా?"

"ఎందుకండీ ఈ పని?"

"ప్రమోషన్ ఫైలు ఏళ్ళ తరబడి కదలకపోతే మీరేం చేసేవారు?"

ఆ బాధ యలమందకి కూడా తెలుసు.

"కంగారుపడకండి, పన్ను పీకను. ఫిల్లింగు మాత్రం చెక్కి తీస్తాను. చల్లగా, పొడిగా ఉన్న చోటే తియ్యాలట, అందుకే ఇక్కడ. మత్తు కూడా ఇస్తాను. నేను మంచి డాక్టర్నే."

"తర్వాత?"

శ్రీరమ్య టిక్కీల వంక చూసింది. "తర్వాత మీరిద్దరూ ఇక్కడే ఉంటారు. ఈ గదిలో సరుకంతా మా నాన్నది, ఆయనకి పాపం ఇవేమీ తెలీదు. రేటు వచ్చేదాకా ఆయన సరుకు కదపడు, తలుపు తెరవనివ్వడు. ఈ ఏడు రేటు వచ్చేట్టు లేదు."

యలమంద ఇదివరకు పిస్తోళ్ళ ముందు నిలబడ్డాడు, కదిలే రైల్లోంచి దూకాడు. మిర్చి రేటు మీద తన ప్రాణం ఆధారపడే రోజొకటి వస్తుందని అనుకోలేదు. కట్లు గుంజి చూశాడు. తోలు చలికి బిగుసుకుని ఇనుములా ఉంది. ఎటు చూసినా టిక్కీలే. ఊరి పిల్లలు గుర్తొచ్చారు, చెల్లెలు గుర్తొచ్చింది. ఏడుపొచ్చినంత పనయింది. ఆరాధన అతని వంకే చూస్తోంది. పోతున్నది తన పదేళ్ళ కష్టమైనా ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. అది చూసి అతను తమాయించుకున్నాడు.

"హరీ అప్, లిల్లీ!" అన్నాడు రైనర్.

ఆవిడ సిరంజి ఎత్తింది.

కుర్చీ పక్కన మచ్చు చూడ్డానికి మూతి కోసిన టిక్కీ ఒకటుంది. ఎర్రటి కాయలు బయటికి తొంగిచూస్తున్నాయి. యలమంద దాని వంక ఒకసారి, ఆవిడ చేతుల వంక ఒకసారి చూశాడు.

"ఒక్క మాటండీ. ఇది ఏం రకం?"

"తేజ. ఫస్టు క్వాలిటీ."

"తేజానా!" యలమంద పెదవి విరిచాడు. "రంగు దిగిపోయింది. సగం పనికిరాని తాలు కాయే. బయ్యరు వేషం కోసం నేనూ యార్డులో తిరిగాను లెండి. తాలు కలిపి తేజ మార్కు వేస్తున్నారన్నమాట మీ నాన్నగారు."

సిరంజి గాలిలో ఆగిపోయింది.

"ఏంటీ? మా నాన్న సరుకులో తాలా?"

"కోప్పడకండి. పెద్దాయన, చూపు ఆనలేదేమో."

దేశాన్ని అమ్మడానికి రెండోసారి ఆలోచించని మనిషి, నాన్న సరుకు మీద మాట పడితే ఓర్చుకోలేకపోయింది. సిరంజి ట్రేలో పడేసి, టిక్కీలోంచి కాయ లాగింది. ఠప్పున విరిచింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. గింజలు అరచేతిలో పోసుకుని బొటనవేలితో నలిపి చూసింది. ఇంకో కాయ, మరో కాయ. వ్యాపారి ఇంట్లో పుట్టిన వాళ్ళకి నడక రాకముందే వచ్చే పని అది.

"చూడండి! ఆ మెరుపు చూడండి! గింజ చూడండి! తాలంట తాలు! కళ్ళున్నాయా మీకు?"

"వాట్ ఆర్ యూ డూయింగ్?" అన్నాడు రైనర్. ఆవిడ కోటుకి చేతులు తుడుచుకుని, ఆ చేతులకే గ్లవ్స్ తొడుక్కుంది. ఆ గదిలో నీళ్ళ కుళాయి లేదు. మిర్చి నిలవచేసే చోట ఎవరూ నీళ్ళు పెట్టరు.

సూది దిగింది. నాలుక మొద్దుబారింది. డ్రిల్లు కూతపెట్టింది.

ఇక కదలడానికి లేదు, అరవడానికి లేదు. చలికి వణికే దవడని ఆవిడ ఎడమచేత్తో అదిమిపట్టి చెక్కుతోంది. నొప్పి తెలియకపోయినా ఆ అదురు పుర్రె అంతా తెలుస్తోంది. తన ఊరి పిల్లల పళ్ళు ఒక్కొక్కటే రాలుతున్నట్టు అనిపించింది యలమందకి. కళ్ళు మూసుకోకుండా ఆ గ్లవ్స్‌నే చూస్తూ ఉండిపోయాడు. తొడుగు లోపల చేతికి చెమట పట్టాలి. ఈ చలిలో పడుతుందా? ఆవిడకి కళ్ళ దగ్గరికి చెయ్యి తీసుకుపోయే పని పడుతుందా? అడగడానికి నోరు లేదు, చెయ్యడానికి చేతులు లేవు.

డ్రిల్లు ఆగింది. పట్టకారుతో తెల్లటి పలుకొకటి పైకి లేపి, స్టీలు ఫ్లాస్కు మూతలో పెట్టింది శ్రీరమ్య.

"ఇదేనా?" అని ఆరాధనని అడిగింది.

ఆరాధన ముందు యలమంద కళ్ళు ఎక్కడున్నాయో చూసింది. అతను గ్లవ్స్ వంక చూస్తున్నాడు. ఆమె విరిచిన కాయల వంక చూసింది, తర్వాత ఆ నీలం కళ్ళ వంక చూసింది.

"మీ డిపార్టుమెంటువాళ్ళు మామూలు సిమెంటు పెట్టి మిమ్మల్ని మోసం చేసి ఉండొచ్చు" అంది నెమ్మదిగా. "నీలం లైటు కింద లేతాకుపచ్చగా మెరిస్తేనే పోగు. కానీ ఆ లెన్సుల్లోంచి మీకు ఆ రంగు తెలీదు. తెలీకపోతే నా మాట నమ్మండి. ఇదే."

డబుల్ ఏజెంటు ఎవరి మాటా నమ్మదు. ఆ వృత్తిలో మొదటి పాఠం అదే. శ్రీరమ్య నీలం లైటు ఆరాధన చేతికిచ్చి పట్టుకోమంది. గ్లవ్స్‌కి పౌడరు ఉంటుంది, వాటితో లెన్సు తియ్యకూడదు. అంత జాగ్రత్త గల మనిషి. గ్లవ్స్ లాగి పడేసింది. కుడికన్ను రెప్ప విడదీసి, రెండు వేళ్ళతో లెన్సు పట్టి తీసింది. అదే ఊపున ఎడమకంటిదీ తీసింది.

ఒక్క క్షణం ఏమీ కాలేదు.

తర్వాత ఆవిడ వేసిన కేకకి టిక్కీలు కూడా ఉలిక్కిపడి ఉండాలి. రెండు చేతులతోనూ కళ్ళు నలుపుకుంది. నలిపినకొద్దీ మంట రెట్టింపు. "అమ్మో! నాన్నోయ్!" అంటూ ట్రే మీద పడింది.

రైనర్ తల తిప్పాడు. అదే సందు. ఆరాధన తలపైన వేలాడే ఇనుప లైటుని బలంకొద్దీ తోసింది. అది అతని మణికట్టుకి తగిలింది. పిస్తోలు ఎగిరి టిక్కీల కిందికి జారిపోయింది. రైనర్ దానికోసం వంగలేదు, వాడికి కావలసింది వేరే ఉంది. మూత బిగించి ఫ్లాస్కు లాక్కుని తలుపు వైపు పరిగెత్తాడు.

ఆరాధన పట్టీలు విప్పుతుంటే యలమందకి ఒక్కో ముడీ ఒక యుగంలా ఉంది. ఆఖరి పట్టీ తెగ్గుంజుకుని, మెడలో పచ్చ ఎప్రాన్‌తోనే ఉరికాడు.

బయట ఎండ చెంపదెబ్బ కొట్టింది. కోల్డ్ స్టోరేజీ ముందు ఎకరాలకొద్దీ మిర్చి కల్లాలు. నేలంతా ఎర్రగా ఆరబోసిన కాయ, చుట్టూ కూర్చుని ముచ్చికలు తీస్తున్న ఆడకూలీలు. రైనర్ కారు అవతలి గట్టున ఉంది. చుట్టుతిరిగి పోవడానికి దారుంది. కానీ వెనక యలమంద వస్తున్నాడు. రైనర్ అడ్డదారి పట్టాడు. బూట్లతో కల్లంలోకి దిగాడు.

"పట్టుకోండి!" అని అరవబోయాడు యలమంద. మొద్దుబారిన నోట్లోంచి సొంగ తప్ప ఏమీ రాలేదు.

రావలసిన అవసరమూ లేకపోయింది. మేస్త్రి ఆదెమ్మ అప్పటికే లేచి నిలబడింది. ఆవిడ కూలీలు రోజంతా చెప్పులు గట్టున విడిచి ఆ కాయల మధ్య మెలుగుతారు. తినే సరుకుని చెప్పుకాలితో తొక్కిన వాణ్ణి ఆవిడ ఇంతవరకు చూడలేదు.

"ఒరేయ్ ఒరేయ్! బూట్లేసుకుని కాయ తొక్కుతావంట్రా! నీ మొహం మండా! పట్టండే వాణ్ణి!"

రైనర్ బూట్ల కింద ఎండుకాయ సర్రున జారింది. కారు డోరు మీద చెయ్యి పడబోయే చోట బోర్లా పడ్డాడు. లేచేలోపు పాతికమంది ఆడవాళ్ళు వాడి మీద ఉన్నారు. కాలరు ఒకరు పట్టుకుంటే బూట్లు ఇంకొకరు ఊడబెరికారు. రైనర్ తనకు వచ్చిన అన్ని భాషల్లోనూ దయ చూపమన్నాడు.

"ఏందయ్యా ఇది, క్యారేజీనా?" అంటూ ఆదెమ్మ ఫ్లాస్కు ఎత్తి యలమంద చేతిలో పెట్టింది. "మీ దొరేనా వీడు? కాయ తొక్కకూడదని చెప్పబళ్ళేదా?"

యలమంద ఫ్లాస్కుని గుండెకి అదుముకుని అక్కడే కూలబడ్డాడు. నోరు పని చెయ్యకపోయినా కళ్ళు పని చేశాయి. అవి కారింది మిర్చి ఘాటుకి కాదు.

బయటపడగానే బెల్టులోని ట్రాన్స్‌మిటర్ కూడా పని మొదలుపెట్టింది. చీఫ్ జీపు వచ్చేసరికి శ్రీరమ్యని గోడ నీడలో కూర్చోబెట్టి ఆదెమ్మ మజ్జిగతో కళ్ళు తడుపుతోంది. రెప్పలు తెరవలేని ఆ స్థితిలోనూ యలమంద అడుగుల చప్పుడు విని ఆవిడ తలెత్తింది.

"అది తేజానే. తాలు లేదు."

"తెలుసండీ" అన్నాడు యలమంద ముద్దమాటతో. "అంత మంచి సరుకు యార్డులో కూడా చూళ్ళేదు."

బేడీలు వేస్తుంటే ఆవిడే చేతులు ముందుకి చాపింది.

*

ఏడాది తిరిగింది. కనిగిరి దగ్గర ఒక ఎలిమెంటరీ స్కూలు. వరండాలో కుర్చీ, నీలం లైటు, పిల్లల వరస. బెంగళూరులో ఆ చిటికెడు తోడు నుంచి సీసాడు పోగు తీసింది ఆరాధన. మొదటి ఫిల్లింగు లక్ష్మీదుర్గ అనే ఐదో తరగతి పిల్లకి. దిగీ దిగగానే ఆ పిల్ల లంగా ముడిలోంచి వేయించిన శనగలు తీసి, డాక్టరమ్మ వద్దంటున్నా వినకుండా, పటపటమని నమిలింది. ఆ చప్పుడు వరండా అంతా వినపడింది. వరసలో పిల్లలందరూ నోళ్ళు బార్లా తెరిచి నవ్వారు.

చీఫ్ వక్కపొడి నమలడం ఆపారు. ఆరాధన కళ్ళు తుడుచుకుంది.

"మరి నాకండీ?" అన్నాడు యలమంద దవడ పట్టుకుని. శ్రీరమ్య తవ్విన గుంతలో అప్పట్లో పెట్టిన తాత్కాలికపు సిమెంటు పొద్దుటే ఊడిపోయింది.

"ఈ విడత పిల్లలకే సరిపోతుందండి. మీ సంగతి వచ్చే ఏడు చూద్దాం."

ఆర్కిడ్ ముఠాని మట్టికరిపించిన ఏజెంటు యలమంద ఆ మధ్యాహ్నం స్కూలు వరండాలో పిల్లల పక్కన కూర్చుని మజ్జిగన్నం తిన్నాడు, అదీ కుడివైపునే నములుతూ.